చుక్క పెట్టిన ట్యూబులు

మూడోసారి కూడా పదకొండే వచ్చింది.

కాగితం ప్రింటరులోంచి సగం బయటికొచ్చి ఇరుక్కుంది. దాన్ని లాగి, కుర్చీలో కూలబడి, పైనుంచి కిందికి ఇంకోసారి చదివాను. చదివినకొద్దీ మారే అంకె కాదని తెలుసు. అయినా చదివాను. మా ఏటిలో నీటికుక్కలు పదకొండు. నాలుగేళ్ల కిందట ఇదే గదిలో, ఇదే మిషను మీద, ఈ చేతులతోనే తేల్చిన లెక్క పంతొమ్మిది.

నా ఉద్యోగం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పద్నాలుగేళ్లుగా పెంట చదువుతున్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో పశువుల కొట్టం ఊడ్చే పని నాదే. చదువుకుని అక్కణ్ణించి బయటపడ్డాననుకున్నాను. తీరా చూస్తే చీపురు పోయి గ్లవుసులు వచ్చాయి, అంతే తేడా.

నీటికుక్క మహా సిగ్గరి. మనిషి అలికిడైతే నీళ్లలోకి జారిపోతుంది. వల వేసి పట్టి, చెవికి బిళ్ల తగిలించి లెక్కపెడదామంటే, లెక్క తేలేలోపు సగం జంతువులు బెదురుతోనే చస్తాయి. కానీ దానికొక అలవాటుంది. ఏటి మధ్య తనకు నచ్చిన రాయి ఎక్కి అక్కడే పెంట పెడుతుంది. ఈ జాగా నాదీ అని ఇరుగుపొరుగుకు చెప్పుకోవడం. చేపల కంపు కొట్టే ఆ నల్లటి పెంటతోపాటు పేగు లోపలి పొర కాస్త రాలి వస్తుంది. అందులో ఆ జంతువు డీఎన్‌ఏ ఉంటుంది. తెల్లవారగానే రాళ్లమీదికెళ్లి, చిటికెడు పెంట తీసి, స్పిరిట్ ట్యూబులో వేసి నా దగ్గరికి తెస్తే, ఆ జంతువును కంటితో చూడకుండానే అది ఎవరో చెప్పగలను.

ఎలాగంటే, ప్రతి ప్రాణికీ తల్లి నుంచి ఒక గుర్తు, తండ్రి నుంచి ఒక గుర్తు వస్తాయి. అలాంటి జతలు పది చూస్తాం. ఒక్కో గుర్తుకు ఒక్కో అంకె, మొత్తం ఇరవై. రెండు ట్యూబుల్లో ఇరవై అంకెలూ కలిస్తే రెండూ ఒక జంతువువే. కలవకపోతే రెండు జంతువులు. చెప్పుకోవడానికి ఇంతే. కాకపోతే పెంట పాతబడినా, నీళ్లలో నానినా ఒక్కోసారి తల్లి గుర్తు నిలిచి తండ్రి గుర్తు కనబడకుండా పోతుంది. వానకు తడిసిన ఉత్తరంలో ఒక పేరు చెరిగిపోయినట్టు. అప్పుడు ఉన్న జంతువే ఇంకో జంతువులా కనబడి, మిషను దానికి కొత్త నంబరు ఇచ్చేస్తుంది. అందుకని ప్రతి ట్యూబునూ మూడుసార్లు నడిపించాలని నియమం.

కాగితం పట్టుకుని పెద్దసారు గదికి వెళ్లాను. ఆయనకు రిటైరుమెంటు ఇంకా ఏడాదిన్నర ఉంది. మోకాళ్లు మాత్రం ఎప్పుడో రిటైరయ్యాయి. కాళ్లు స్టూలు మీద చాపి ఫైలు చూస్తున్నారు.

"ఎంతన్నావ్?"

"పదకొండు సార్."

"ఇంకోసారి చూడలేకపోయావా?"

"మూడుసార్లు చూశాను."

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మరి ఎనిమిది ఎటుపోయాయమ్మా? రెక్కలొచ్చి ఎగిరిపోయాయా?"

ఆయన వెనక గోడ మీద నాలుగేళ్ల కిందటి బొమ్మ ఫ్రేములో ఉంది. ఏటి పటం, దాని మీద పంతొమ్మిది నీలం చుక్కలు. పై ఆఫీసు నుంచి ఎవరొచ్చినా ముందు దాని దగ్గరికే తీసుకెళ్లి చూపిస్తారాయన.

"వాళ్లు మొదట అడిగేది ఒక్కటే," అన్నారాయన, పటం వైపు చూడకుండా. "ఏటి మీద కాపలా ఎవరూ అని."

ఎవరో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఏటి మీద ఇరవై రెండేళ్లుగా ఉన్నది ఒక్కడే.

*

ఆయన్ని ఆఫీసంతా బాబాయి అనే పిలుస్తుంది. ఎవరికీ చుట్టం కాడు. వంతెన దగ్గర్నుంచి ఆనకట్ట దాకా ఏటిగట్టు మొత్తం ఆయన నడకే. ప్రతి రాయికీ ఒక నంబరుంటే, ఆ నంబరుతో పాటు ఆయన పెట్టిన పేరు కూడా ఒకటి ఉంటుంది. వారానికొకసారి ట్యూబుల పెట్టె భుజాన వేసుకొచ్చి నా బల్ల మీద పెడతాడు. లేబుళ్లన్నీ పెన్సిలుతోనే రాస్తాడు. పెన్ను సిరా స్పిరిట్‌కు కరిగిపోతుందని నేనే చెప్పాను, ఇక చూసుకోండి, ఇంట్లో చీటీలు కూడా పెన్సిలుతోనే రాస్తున్నాడట. రాయి నంబరు, తేదీ, వేళ. గుండ్రటి అక్షరాలు, పిల్లల పలక మీద రాసినట్టు.

పదకొండు అని తేలాక ఒక వారం రానేలేదు, పదిహేనో రోజున వచ్చాడు. పెట్టె దించుతుంటే చూశాను, మనిషి సగమయ్యాడు. చెప్పుల్లో పాదాలు ఉబ్బి ఉన్నాయి.

"ఏంటి బాబాయ్, ఒంట్లో బాలేదా?"

"బానే ఉందమ్మాయ్. నడక ఎక్కువైంది."

"రోజూ నడిచేదేగా?"

"రోజూ నడిచేది పొద్దున. ఇప్పుడు మధ్యాహ్నం అవతలి గట్టు కూడా తిరుగుతున్నాను." కుర్చీ చూపించినా కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. "ఎనిమిదంటే మాటలా? ఒకటో రెండో అయితే వరదకు కొట్టుకుపోయాయనుకుందును. ఎనిమిది చచ్చాయంటే ఎక్కడో బొమికలుండాలిగా. ఉచ్చులుండాలి. మందు కలిపిన చేపలుండాలి. ఒక్కటీ దొరకలేదు. పొదలన్నీ దూరి చూశాను, మోచేతులు చూడు."

రెండు మోచేతులూ గీరుకుపోయి ఉన్నాయి.

"నువ్వెందుకు ఇంతగా..." అని మొదలుపెట్టాను.

"పెద్దసారు పిలిచి చెప్పారులే. వచ్చే నెల నుంచి నన్ను ఏటి మీంచి తీసి గేటు దగ్గర కూచోబెడతారట. కుర్చీ ఇస్తారట, ఫ్యాను కూడా ఉందట." నవ్వబోయి ఆగిపోయాడు. "తీసెయ్యనీ. తప్పు చేసినవాణ్ణి తీసేస్తారు, అందులో అన్యాయమేముంది? కానీ ఎప్పుడు చచ్చాయో, ఎట్లా చచ్చాయో నాకు తెలియాలి. నా కళ్ల ముందు ఎనిమిది పోతే నాకు కనబడలేదంటే, ఇన్నేళ్లూ నేను ఏటి వైపు చూశానా, ఆకాశం వైపు చూశానా?"

అప్పుడు నాకు గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఎన్నాళ్లు నెట్టుకొచ్చానో అంత గట్టిగా గుర్తొచ్చింది.

నాలుగేళ్ల కిందట పంతొమ్మిది అని చెప్పినప్పుడు ఈ బల్ల దగ్గరే, ఇలాగే నిలబడి, వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టాడీయన. "అదేంటమ్మాయ్, నాకు పన్నెండే తెలుసే. కుంటిది, చెవి తెగింది, దాని ఇద్దరు కూతుళ్లు, ఆనకట్ట దగ్గరి ముసలి జంట..." అంటూ పన్నెండు దగ్గర ఆగి, "మిగతా ఏడూ మీ మిషన్లో పుట్టి ఉంటాయి," అని పెద్దగా నవ్వాడు.

నాకు ఒళ్లు మండింది. నిద్రలేని రోజులవి. పుస్తకంలో ఉన్నదంతా అప్పజెప్పాను. కంటికి కనబడేది వేరు బాబాయ్, ఒంట్లో రాసి ఉన్నది వేరు, నీటికుక్కలన్నీ ఒకేలా ఉంటాయి, నువ్వు రెండింటిని చూసి ఒకటనుకుంటున్నావు, డీఎన్‌ఏ పొరబడదు, అన్నాను. ఆయన విని, తలూపి, "అయితే నాకే చత్వారం వచ్చిందన్నమాట," అని పెట్టె తీసుకుని వెళ్లిపోయాడు. ఆ తరవాత ఎప్పుడూ నా లెక్కను కాదనలేదు. తన లెక్క మాట మళ్లీ ఎత్తలేదు.

"నీ లెక్క తప్పదుగా," అంటున్నాడిప్పుడు, ఖాళీ పెట్టె భుజాన వేసుకుంటూ. "ఇవాళ వంతెన కిందిభాగం చూస్తాను. అదొక్కటే మిగిలింది."

*

సాయంత్రం ఇంటికెళ్లేసరికి మా అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీలో చిక్కుళ్లకు ఈనెలు తీస్తోంది. చేతికర్ర పక్కన ఆనించి ఉంది. మా ఆయన బస్సు నడుపుతాడు, సాయంత్రం డ్యూటీ అయితే ఇంట్లో మేమిద్దరమే.

"ఏమ్మా, ఇవాళ పెంట ఘాటుగా ఉందా? మొహం అట్లా పెట్టావ్?"

"ఏం లేదత్తయ్యా. అలిసిపోయాను."

"అలిసిపోయినవాళ్లు చెప్పులు విప్పుతారు. నువ్వు చెప్పులతోనే కూచున్నావు."

చెప్పులు విప్పి పక్కన పెట్టాను. ఆవిడ దగ్గర దాచడం అయ్యే పని కాదు. బాబాయి సంగతి చెప్పాను. నీటికుక్కల్ని ఎరగని మనిషైనా బాబాయిని ఎరుగును. ఒకసారి ఆవిడకు కాపడానికి ఏటి ఒడ్డు ఆకులేవో పంపించాడు.

"పాపం, పెద్దమనిషి," అంది. "అయినా పంతొమ్మిది అని చెప్పింది ఎప్పుడు?"

"నాలుగేళ్లయింది."

"నా తొంటి విరిగిన ఏడాది." ఈనె లాగి పడేసింది. "బాగా గుర్తు. నువ్వు పగలు ఆఫీసు, సాయంత్రం నా మంచం పక్కన. ఒకరోజు కుర్చీలోనే కునుకుతూ అంకెలు చదివావు. నూట డెబ్భై నాలుగు, నూట ఎనభై, అని. నర్సును నేనే పిలిచాను, అమ్మా, నా తొంటి తరవాత చూద్దువుగాని, ముందు మా కోడలికి ఏమైందో చూడు అని."

నవ్వొచ్చింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

"ఆ ఏడాది నూట నలభై ట్యూబులత్తయ్యా. ఒక్కోదాన్ని మూడుసార్లు చెయ్యాలి. చివరి ముప్పై ఎనిమిదీ ఒక్కసారే చేశాను."

"ఎందుకని?"

"నిన్ను ఇంటికి తెచ్చే వారం. రిపోర్టు గడువు కూడా ఆ వారమే. తరవాత చేద్దామనుకున్నాను."

"చేశావా?"

మరిచిపోయానని చెప్పలేను. మరిచిపోవడానికి వీలైన చోట పెట్టాను, అంతే. పంతొమ్మిది అనగానే అందరూ సంతోషపడ్డారు. సంతోషపడ్డ లెక్కను మళ్లీ తిరగేసేవాళ్లెవరు?

అత్తయ్య చేయి ఆపి నా వైపు చూసింది. తిడుతుందనుకున్నాను. "నా మూలాన అయిందనుకోకు," అంది చివరికి. "తొంటి నాది. ట్యూబులు నీవి." మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది. "నీవి నువ్వు చూసుకో."

*

పాత ట్యూబులు పారెయ్యం. కిందంతస్తులో ఫ్రీజరు గది ఉంది. ముసలి ఫ్రీజరు, ఆయాసపడుతున్నట్టు మూలుగుతుంది. కింది అరలో, నాలుగేళ్ల మంచు పేరుకున్న డబ్బా దొరికింది. గరిటెతో గీకి మూత తెరిచాను.

ముప్పై ఎనిమిది ట్యూబులూ బల్ల మీద వరసగా నిలబెట్టి లేబుళ్లు చూస్తుంటే, కొన్నిటి మీద రాయి నంబరు పక్కన పెన్సిలుతో చిన్న గుర్తు కనబడింది. చెమట బొట్టులా, కన్నీటి బొట్టులా. పైన మొన, కింద గుండ్రం. మొదట మరక అనుకున్నాను. గోటితో గీకాను, పోలేదు. పద్నాలుగు ట్యూబుల మీద ఉంది. అన్నీ ఒకే వారంలోవి.

ఆ వారం వాన. ఏకధారగా ఐదు రోజులు కురిసింది, అత్తయ్య జారిపడింది కూడా ఆ వానలోనే.

బాబాయి తడిసిన పెంటకు చుక్క పెట్టాడు. ఎవరూ చెప్పలేదు. ఆయనకే తోచి, దీన్ని జాగ్రత్తగా చూడమ్మాయ్ అని నాకు చెప్పడానికి పెట్టాడు. నేను రాయి నంబరు, తేదీ, వేళ కంప్యూటర్లోకి ఎక్కించాను. మా పట్టికలో చుక్కకు గడి లేదు. గడి లేనిది నా కంటికి ఆనలేదు. నిజానికి చత్వారం ఎవరికొచ్చిందో అప్పుడు తెలిసింది.

ఆ తరవాత ఎనిమిది రోజులు. పొద్దున్నే వెళ్లడం, గ్లవుసులు తొడుక్కోవడం, ట్యూబు తరవాత ట్యూబు కరిగించడం, తిప్పడం, వడగట్టడం, మిషను ఎక్కించడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి, మెదడుకే పని ఉండదు. అదే కష్టం. ఒక్కోసారి బల్ల మీద తల వాల్చి, మిషను చప్పుడు వింటూ, ఇవన్నీ వేరువేరు జంతువులే అని తేలితే బాగుండు అనుకున్నాను. వెంటనే, అలా తేలితే బాబాయి గేటు దగ్గర కూచుంటాడు అనుకున్నాను. ఏది తేలాలో కోరుకోవడానికి కూడా ఓపిక లేకపోయింది.

మూడో విడత అంకెలు వచ్చాక రంగు పెన్సిలుతో గీతలు కలుపుతూ పోయాను. తొలిసారి కనబడని తండ్రి గుర్తులు ఇప్పుడు బయటపడ్డాయి. పదమూడో నంబరు జంతువు నిజానికి నాలుగోది. పద్నాలుగు, రెండోది. పదిహేను కూడా రెండోదే. అలా ఏడు మడతపడి పోయాయి. ఏడూ చుక్క పెట్టిన ట్యూబుల్లోంచి పుట్టినవే. ఆ ఏడాది మా ఏటిలో ఉన్నవి పన్నెండు.

ఈ ఏడాది పదకొండుతో కలిపి చూశాను. ఆ పన్నెండులో తొమ్మిది ఇంకా ఉన్నాయి. మూడు లేవు. రెండు కొత్తవి, రెండూ నాలుగో నంబరు ఆడదాని పిల్లలు.

*

పెద్దసారు కాగితం చదివి, స్టూలు మీంచి కాళ్లు దించారు.

"పంతొమ్మిది అని చెప్పి ఊరేగాం కదమ్మా."

"నేను చెప్పాను సార్. మీరు నమ్మారు."

"సంతకం ఇద్దరిదీ ఉంది. పైన నాది, కింద నీది." ముక్కు నొక్కుకున్నారు. "తగ్గుదలకు కారణాలు తెలియరాలేదు అని రాసేస్తే? ఎక్కడైనా రాస్తారు ఆ మాట. ఎవరి మీదా పడదు."

"బాబాయి మీద పడుతుంది సార్. పడింది కూడా."

"గేటు దగ్గర కూచోడం శిక్షా? నన్ను కూచోమంటే ఇవాళే కూచుంటాను."

"ఆయన గేటు గురించి బాధపడట్లేదు. రోజూ రెండు గట్లూ తిరుగుతున్నాడు, బొమికల కోసం. ఎప్పుడూ లేని జంతువుల బొమికల కోసం. పాదాలు ఉబ్బిపోయాయి సార్."

ఆయన పటం వైపు చూశారు. పంతొమ్మిది నీలం చుక్కలు.

"రేపు మనం ఏ లెక్క చెప్పినా ఎవడు నమ్ముతాడు?"

"ఎవరూ నమ్మరు. కొన్నాళ్లు నమ్మకపోవడమే మంచిది సార్. నేనే నమ్మట్లేదు."

నేను రాసుకొచ్చిన ఉత్తరం బల్ల మీద పెట్టాను. తప్పు ఎక్కడ జరిగింది, ఎన్ని ట్యూబులు, ఏ వారం, చుక్క సంగతి, అన్నీ ఉన్నాయి. ఏటి వాచరు ఆనాడే పన్నెండు అని చెప్పాడని, అది నేను రాసుకోలేదని కూడా రాశాను. ఇవ్వడానికి ముందే అందినట్టు ఆఫీసు ముద్ర వేయించి, ఒక ప్రతి నా దగ్గర ఉంచుకున్నాను. ఆయన ముద్ర చూసి, నన్ను చూశారు.

"మొండిదానివి," అన్నారు. "ముద్ర ఉన్న ప్రతి దాచుకున్నావంటే నన్ను కూడా నమ్మలేదన్నమాట."

"ఓపిక లేదు సార్. మీరు కాదంటే మళ్లీ వచ్చి అడిగే ఓపిక లేదు. అందుకని."

ఆయన పెన్ను తీసి, కింద 'పైకి పంపడమైనది' అని రాసి సంతకం పెట్టారు. "మోకాళ్లు ఎలాగూ పోయాయి," అన్నారు. "పేరొక్కటి ఉండి ఏం చేసుకుంటాను?" గోడ మీది పటాన్ని ఆయనే దింపబోయారు గానీ మేకు దాకా చెయ్యి అందలేదు. నేను కుర్చీ ఎక్కి దింపాను. గోడ మీద తెల్లటి నాలుగు పలకల మచ్చ మిగిలింది.

వారంలో జవాబొచ్చింది. బాబాయి బదిలీ రద్దు. నా సంతకంతో ఇకపై ఏ లెక్కా బయటికి పోకూడదు. పద్నాలుగేళ్ల నా పాత ట్యూబులన్నిటినీ ఇంకో ఊరి ల్యాబు తిరిగి చూస్తుంది. వాటిని డబ్బాల్లో సర్ది పంపే పని మాత్రం నాదే.

*

బాబాయికి కబురు నేనే చెప్పాలని ఎవరినీ చెప్పనివ్వలేదు. పొద్దున్నే మొదటి బస్సులో వెళ్లి వంతెన దగ్గర దిగాను. గట్టు మీద మంచు ఇంకా విడలేదు. కిందికి దిగుతుంటే ఆయన కనబడ్డాడు. వంతెన స్తంభం పక్కన వంగి, కర్రతో చెత్తను కదుపుతున్నాడు.

"ఆగు బాబాయ్, ఇంక వెతకొద్దు."

తలెత్తాడు. "నువ్వేంటమ్మాయ్ ఇక్కడ? పెట్టె నేనే తెచ్చేవాణ్ణిగా."

"ముందొకటి చెప్పు. నాలుగేళ్ల కిందట నువ్వు చెప్పిన పన్నెండులో ఇప్పుడెన్ని ఉన్నాయి?"

"నా లెక్క ఎందుకులే."

"చెప్పు బాబాయ్."

కర్ర స్తంభానికి ఆనించి, వేళ్లు చూసుకున్నాడు. మొదట నెమ్మదిగా, తరవాత వేగంగా ముడిచాడు. "కుంటిది పోయింది, మూడేళ్లయింది. నేనే గోనెలో ఆఫీసుకు తెచ్చాను. ఆనకట్ట దగ్గరి ముసలిజంట పోయినేడు కనబడ్డం మానేశాయి, వాటికి వయసైంది. అంటే మూడు. చెవి తెగినదానికి రెండు పిల్లలు బతికాయి." ఆగాడు. "పదకొండు. నాకు మాత్రం పదకొండే కనబడుతున్నాయి. మిగతావి ఎక్కడున్నాయో నాకు..."

"మిగతావి లేవు బాబాయ్. ఎప్పుడూ లేవు."

నిలబడే చెప్పాను, మొత్తం. మూడుసార్లు చెయ్యకపోవడం, వాన, చుక్క, గడి. నీళ్లవైపు చూస్తూ విన్నాడు. అయ్యాక కిందికి, తన పాదాల వైపు చూసుకున్నాడు.

"నెల రోజులు," అన్నాడు. "లేనివాటి కోసం."

"అవును."

"మా ఆవిడ చెప్పింది, ఆ పిల్లనే ఒకసారి అడగరాదా, తప్పు తనదేమో అని. నేను ఇంతెత్తున లేచాను. ఆ అమ్మాయి లెక్క తప్పదు అని." కర్ర తీసుకున్నాడు. "రెండు రోజులు దానితో మాట్లాడలేదు తెలుసా?"

తప్పైంది అన్నాను. ఆ మాట ఏటి చప్పుడులో నాకే సరిగా వినబడలేదు.

"అవుతుందిలే," అనలేదాయన. అంటాడనుకున్నాను. ట్యూబుల పెట్టె భుజం మీంచి తీసి నా కాళ్ల దగ్గర పెట్టాడు.

"ఇవాళ నువ్వు మొయ్యి."

మోశాను. పెట్టె బరువు అంతుంటుందని పద్నాలుగేళ్లలో నాకు తెలియదు. నా బల్ల మీదికి వచ్చాకే ఎప్పుడూ చూశాను. పెట్టె పట్టీ భుజానికి ఒరుసుకుంటోంది. ఆయన ముందు కుంటుతూ, నేను వెనక రొప్పుతూ, రాళ్లమీద ఒక్కో అడుగూ చూసుకుంటూ వెళ్లాం. పదిహేడో రాయి దగ్గర ఆగి, కర్రతో చూపించాడు. కొత్త పెంట. పక్కనే తడి కాలిముద్రలు నీళ్ల దాకా పోయి ఉన్నాయి.

"ఇదెవరిది?" అన్నాను.

"నన్నడుగుతావేం? నువ్వేగా చెప్పేది."

"నా సంతకం చెల్లదు బాబాయ్ ఇప్పుడు."

ఆయన మొదటిసారి నా మొహం వైపు చూశాడు. కాసేపు చూసి, "చెవి తెగినదాని చిన్నపిల్లది," అన్నాడు. "నిన్న కూడా ఇక్కడే పెట్టింది. తల్లిని చూసి నేర్చుకుంటోంది."

మోకాళ్ల మీద కూచుని, చిటికెడు తీసి ట్యూబులో వేశాను. చెవి వెనక దోపుకున్న పెన్సిలు తీసి ఇచ్చాడు. కొస నమిలి ఉంది. రాయి నంబరు రాశాను, తేదీ రాశాను, వేళ రాశాను. చేయి అక్కడ ఆగింది.

"మంచుకు కాస్త తడిసినట్టుంది బాబాయ్."

ఆయన వంగి, పెంట మీదికి మొహం పెట్టి, ఒక్కసారి వాసన చూసి లేచాడు.

"తడిసింది. చుక్క పెట్టు."